చినగురువుగారి పేరూ చెప్పండి

సంపాదకులకు,

డిసెంబరు 4 వస్తే ఊరూరా ఘంటసాల జయంతి సభలు, పాటల పోటీలు. సంతోషమే. కానీ ఆయనకు సంగీతం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారి పేరు ఆ వేదికల మీద ఎప్పుడోగాని వినపడదు. సాలూరు చినగురువుగారని పిలుచుకునే ఆయనంటే మా పెద్దలకు ఎంత గౌరవమో! 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో ఆయన గాత్రం చెప్పేవారు. మధూకరంతో, అంటే ఇంటింటా అడిగి తెచ్చుకున్న అన్నంతో, పొట్ట నింపుకుంటున్న ఘంటసాలను చేరదీసి, ఇంట్లోనే ఉచితంగా పాఠం చెప్పారు. జయంతి పోటీల్లో ఒక్క బహుమతికైనా గురువుగారి పేరు పెట్టమని నిర్వాహకులకు నా మనవి.

– ఒక పాఠకుడు, సాలూరు