జనం చందాలతో సినిమా తీసిన జాన్ అబ్రహం

ఫ్రెండ్స్, జాన్ అబ్రహం అంటే హిందీ హీరో అనుకునేరు, నేను చెప్పేది కేరళ డైరెక్టర్ గురించి. ఎల్ఐసీ ఉద్యోగం వదిలేసి పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కి పోయి బెంగాలీ డైరెక్టర్ ఋత్విక్ ఘటక్ దగ్గర నేర్చుకున్నాడు, మొత్తం మీద తీసింది నాలుగే ఫీచర్ సినిమాలు. తమిళంలో తీసిన 'అగ్రహారత్తిల్ కళుదై' (అగ్రహారంలో గాడిద)కి నేషనల్ అవార్డు కూడా వచ్చింది, తల్లి లేని గాడిదపిల్లని ఒక బ్రాహ్మణ ప్రొఫెసర్ పెంచుకునే కథ, అప్పట్లో పెద్ద గొడవే అయింది.

కానీ నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది 1986లో వచ్చిన 'అమ్మ అరియాన్'. నిర్మాత అంటూ ఎవరూ లేరు, ఫ్రెండ్స్‌తో కలిసి కోజికోడ్‌లో ఒడెస్సా కలెక్టివ్ అని ఒక బృందం పెట్టి, ఊరూరా తిరిగి డప్పు కొట్టి జనాన్ని పోగేసి, చాప్లిన్ 'ది కిడ్' వేసి చూపించి, వాళ్ళిచ్చిన చిల్లర డబ్బులతోనే సినిమా పూర్తి చేశారు, క్రౌడ్ ఫండింగ్ అన్న మాట ఇక్కడ ఎవరికీ తెలియని రోజుల్లో! చనిపోయిన కుర్రాడి వార్త వాళ్ళమ్మకి చెప్పడానికి ఒకడు బయల్దేరితే దారిపొడవునా ఫ్రెండ్స్ ఒక్కొక్కరే కలుస్తూ పోతారు, అదే కథ.

ఆ మరుసటేడే కోజికోడ్‌లో జాన్ మేడ మీంచి పడి చనిపోయాడు, 49 ఏళ్ళే. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తది. మన గ్రూప్‌లో షార్ట్ ఫిలింస్ తీద్దామనుకునేవాళ్ళు ముందు ఈ సినిమా చూడండి, ప్లీజ్.