గరిష్ఠ ధర ఎన్ని కుప్పలకు పలికిందో కూడా రాయండి

సంపాదకుల గారికి నమస్కారం.

నేను దేవరకొండ డివిజన్‌లో నాలుగెకరాల్లో పత్తి వేసే రైతును. పదో తరగతి దాకా చదువుకున్నాను. పొద్దున్నే పేపర్ రాగానే జిల్లా పేజీ తీసి ముందు మార్కెట్ ధరలు, తర్వాత వర్షపాతం చూస్తాను. ఈ ఉత్తరం ఆ రెండింటి గురించే రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే ఇంకో రెండు మూడు విషయాలు కూడా గుర్తుకొచ్చాయి.

పోయిన సీజన్‌లో ఒకరోజు పత్తికి మంచి ధర పలికిందని పెద్ద అక్షరాలతో వార్త వచ్చింది. ఆ అంకె చూసి ఆగలేకపోయాం. వసారాలో పోసిన పత్తిని ఆగమాగంగా బోరాల్లోకి తొక్కి, ట్రాలీ ఆటో మాట్లాడుకుని మార్కెట్‌కు పోయాం. మాకు కట్టిన ధర పేపర్లో చూసిన దానికంటే క్వింటాకు వెయ్యి రూపాయల పైనే తక్కువ. తేమ ఎక్కువ ఉందన్నారు, రంగు మారిందన్నారు. ఉండొచ్చు, మా పత్తి మొదటి ఏరుడుది కాదు. కానీ లైన్లో ఉన్న మిగతా రైతులను అడిగితే ఆ పెద్ద ధర వాళ్లలో ఒక్కరికీ రాలేదు. ముందు రోజు కొబ్బరికాయ కొట్టి కొన్న మొదటి కుప్పకు పలికిన ధర అట అది. తిరిగి ఇంటికి తెస్తే మళ్లీ కిరాయి అవుతుందని అక్కడే అమ్ముకుని వచ్చేశాం.

ఆ రాత్రి మా బిడ్డ లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పదో తరగతి గణితంలో సాంఖ్యక శాస్త్రం అని పాఠం ఉంది. సగటు, మధ్యగతం (అంకెలను వరసగా పేరిస్తే నడిమిది), బాహుళకం అందులో వస్తాయి. మార్కెట్‌లో నేను ఫోన్‌లో తీసిన ధరల బోర్డు ఫోటో చూపించాను. కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు గడులున్నాయి. ఇన్నేళ్లూ నేను మోడల్ అంటే ఏదో మేలు రకం సరుకు అనుకున్నాను. "కాదమ్మా, అది మా పుస్తకంలోని బాహుళకమే. ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో అది" అంది. నాకు చాలా బాధైంది. నాకు కావలసిన అంకె బోర్డు మీద మూడో గడిలోనే ఉంది, వార్తకు మాత్రం రెండో గడి ఎక్కింది.

పది కుప్పలు వచ్చాయనుకుందాం. ఒకటి క్వింటా 8,000కు, ఏడు 6,900కు, రెండు 6,500కు పోయాయి. సగటు 6,930 వస్తుంది, మధ్యగతం 6,900, బాహుళకమూ 6,900. మూడు లెక్కలూ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. వాటిని వదిలేసి "8,000 పలికిన పత్తి" అని రాస్తే అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా ఉండదు. కానీ అది చదివి బండి కట్టినవాడు మోసపోతాడు. ఈ పని విలేకరులు కావాలని చేస్తున్నారని నేను అనను. పెద్ద అంకె కంటికి ముందు ఆనుతుంది, అంతే. నష్టం మాత్రం మాకు కిరాయి రూపంలో కనబడుతుంది.

ఇక వాన సంగతి. "జిల్లాలో సాధారణ వర్షపాతం" అనే మాట చూసినప్పుడల్లా నాకు గుండె మండుతుంది. వాతావరణ శాఖ లెక్కలో దీర్ఘకాల సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే దాన్ని సాధారణం అంటారు. అంటే 100 మిల్లీమీటర్లు పడాల్సిన చోట 81 పడ్డా సాధారణమే, 119 పడ్డా సాధారణమే. శాస్త్రానికి ఎక్కడో ఒక గీత గీసుకోక తప్పదు, దాన్ని తప్పు పట్టను. కానీ మా నేలలో 81 పడ్డ ఏడు, 119 పడ్డ ఏడు ఒక్కటి కావు. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. ఆ లెక్క జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కురిసిన మొత్తానిది. పంట బతికేది మొత్తం మీద కాదు, వానకూ వానకూ మధ్య ఎడం మీద.

ఒక ఏడు మృగశిరలో నాలుగు చినుకులు పడగానే గింజలు పెట్టాం. తర్వాత మూడు వారాలు బెట్ట. చేన్లో కూర్చుని వేలితో మట్టి గీరి చూస్తే గింజ ఉబ్బి పగిలి ఉంది. తెల్లటి మొలక అర అంగుళం బయటికొచ్చి అక్కడే మాడి, కొస నల్లబడి ఉంది. సాలు పొడుగునా అంతే. మళ్లీ ప్యాకెట్లు కొన్నాం, మళ్లీ కూలీలను పిలిచాం. ఆగస్టులో రెండు రాత్రులు కుండపోతగా కొట్టింది. ఒడ్లు తెగి మట్టి వాగులో కలిసింది. ఆ రెండు రాత్రులతో లోటు పూడిపోయి, సీజన్ చివర కాగితం మీద సాధారణం అని వచ్చింది. ఒకే చేన్లో కరువూ, ముంపూ రెండూ చూసిన ఏడు అది. పైగా అది జిల్లా సగటు. హాలియా వైపు కాలువ కింద పడ్డ వాన, డిండి దగ్గర మెట్ట మీద పడని వాన కలిపి భాగించినది. మా ఊళ్లోనే చెరువు ఈవల తడిసి ఆవల దుమ్ము లేస్తుంటుంది.

సగటు అంకె మనుషులను ఎలా కప్పేస్తుందో మా నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మా మామ మర్రిగూడ వైపు మనిషి. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, ఒళ్లంతా తిప్పాలి. చెప్పులేసుకోవాలన్నా గోడ పట్టుకోవాలి. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్ల పుణ్యం అది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరే అని మన దేశపు ప్రమాణం. ఒక ఊళ్లో పది బోర్లున్నాయనుకోండి. ఎనిమిదింటిలో 0.6, రెండింటిలో 4 ఉంది. సగటు 1.28. కాగితం మీద ఊరు గట్టెక్కినట్టే. ఆ రెండు బోర్ల నీళ్లు తాగిన ఇళ్లల్లో పిల్లల పళ్లు మాత్రం గార పడతాయి. ఇప్పుడు నల్లాలకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, మేలే జరిగింది. అయినా నల్లా రెండు రోజులు బంద్ అయితే మనిషి పాత బోరు దగ్గరికే పోతాడు. అందుకే నీటి పరీక్షల వార్త వేసినప్పుడు ఏ బోరులో ఎంత ఉందో వేయాలి. ఊరి సగటు మాకెందుకూ పనికిరాదు.

ఇంకొకటి. 2016 అక్టోబర్‌లో మన జిల్లాను విడదీసి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వేరు చేశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి నల్లగొండలో 34.88 లక్షల మంది. అదే లెక్కలో ఇప్పటి నల్లగొండకు మిగిలింది 16.18 లక్షలు. ఇప్పటికీ కొందరు "అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఇన్ని, ఇప్పుడు ఇన్ని" అని పక్కపక్కన పెట్టి మాట్లాడతారు. ఉదాహరణకు రోడ్డు ప్రమాదాలు అప్పుడు 1,000, ఇప్పుడు 600 అనుకుందాం. 40 శాతం తగ్గినట్టు కనబడుతుంది. జనాభాతో భాగించి చూడండి. అప్పుడు లక్ష మందికి 29, ఇప్పుడు 37. తగ్గలేదు, పెరిగింది. జిల్లా చిన్నదైతే అంకె దానంతటదే చిన్నదవుతుంది, దాన్ని ఎవరి గొప్పగానూ రాయకూడదు.

అక్షరాస్యత కూడా అంతే. 2011లో ఉమ్మడి నల్లగొండలో 64 శాతం అంటారు. విడదీసి చూస్తే మగవాళ్లలో 74, ఆడవాళ్లలో 54. ఆ 20 శాతం తేడాలో నా ఈడు ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. మా కూలీల జట్టులో డబ్బుల లెక్క రాసేది ఇప్పటికీ నేనే.

కాలేజీల ప్రకటనల గురించి ఎక్కువ రాయను. మా బిడ్డను ఇంటర్‌లో వేయాలని కరపత్రాలు చూస్తున్నాం. ఒకదాంట్లో పోయినేడు 96 శాతం, ఈ ఏడు 98 శాతం పాస్ అని రెండు కడ్డీలు గీశారు. మొదటిది రెండోదాని మోకాలి దాకా కూడా లేదు. కడ్డీలను సున్నా దగ్గర మొదలుపెడితే రెండూ దాదాపు ఒక్క ఎత్తే ఉంటాయి. ఎంతమంది పరీక్ష రాశారో ఎక్కడా లేదు.

సంపాదకుల గారూ, మీరు వేసిన అంకెను నమ్మి మేము గింజ పెడతాం, బండి కడతాం, పిల్లలను చేరుస్తాం. అందుకని అడుగుతున్నాను. ధరల వార్తలో మోడల్ ధరను శీర్షికలోకి తెండి. గరిష్ఠ ధర వేస్తే ఎంత సరుకుకు పలికిందో పక్కనే వేయండి. వర్షపాతం పెట్టెలో మండలాల వారీగా ఎన్ని రోజులు వాన పడింది, ఎన్ని రోజుల బెట్ట నడిచింది అని రెండు గడులు కలపండి. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాన పడ్డ రోజుగా లెక్కిస్తారు కాబట్టి ఆ లెక్క తీయడం కష్టమేమీ కాదు. జిల్లా అంకెలు పోల్చేటప్పుడు ఉమ్మడి జిల్లానా, కొత్త జిల్లానా అన్నది రాయండి.

మార్కెట్‌కు పోయే రైతులం మేము ఇరవై మందిమి ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. ఎవరు పోతే వాళ్లు బోర్డు ఫోటో తీసి పెడుతున్నాం. మీ దేవరకొండ విలేకరి నంబర్ ఇస్తే రోజూ పొద్దుగూకే లోపు ఆయనకు కూడా పంపుతాం.

ఇట్లు,
ఒక పత్తి రైతు,
దేవరకొండ డివిజన్, నల్లగొండ జిల్లా