మంచం పక్కన పద్యం

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లాల్లో మంచం పట్టిన పెద్దవాళ్లకు ధైర్యం కోసమని ఘంటసాల భగవద్గీత పెడుతుంటారు. ఊళ్లో ఎవరు పోయినా మైకులో మోగేది అదే. ఆ గొంతు వినగానే ‘అయితే నా పని అయిపోయిందన్నమాట’ అని బెంగ పెట్టుకునేవాళ్లున్నారు. గరుడపురాణం సంగతి చెప్పనే అక్కర్లేదు.

దానికన్నా పోతన గజేంద్రమోక్షంలోని ‘లావొక్కింతయు లేదు’ నయం. మొదటి రెండు పాదాల్లో వేదాంతం లేదు, ఓదార్పూ లేదు. బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సింది అని వరసగా చెబుతుంది. భయపడే మనిషి ఇంట్లోవాళ్లకు చెప్పలేక లోపల దాచుకునేవి అవే. ‘రావే యీశ్వర’ అన్న పిలుపు నాలుగో పాదంలో గానీ రాదు. దేవుణ్ణి నమ్మనివారికి మొదటి రెండూ చాలు.

చదవడంలోనే తప్పుతుంది. ఇది శార్దూలం, పాదానికి 19 అక్షరాలు. మొదటి పాదం చివర ఆగితే ‘ప్రాణంబులున్’ దగ్గర తెగి, ‘ఠావుల్ దప్పెను’ దేని తాలూకో తెలియకుండా పోతుంది. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కలవాల్సిన చోటు, 13వ అక్షరం. అది ‘విలోలంబయ్యె’ నడిమధ్యన పడింది, అక్కడ ఆగినా అంతే. క్రియ దగ్గర ఆగాలి: లేదు, విలోలంబయ్యె, దప్పెను, వచ్చె, డస్సెన్. రాగం తియ్యొద్దు. ముందు తాత్పర్యం మన యాసలోనే రెండు ముక్కల్లో చెప్పి, పద్యం రెండుసార్లు చదివి ఊరుకోవాలి. రోజుకొకటి చాలు.

జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు వేరు. హరిశ్చంద్ర కాటిసీనులో వన్స్‌మోర్ పడేవి కదా అని రోగి దగ్గర ఎత్తుకోకూడదు. కవి కలం, రాజు ముద్రిక, ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె ఏదీ మిగల్చని ఆ సీసం ఒంట్లో బాగున్నప్పుడు, పగటిపూట, ఎవరికి వారు చదువుకోవలసింది. గురజాడవారు మన విజయనగరంవారే అయినా, ఆడపిల్లను పోగొట్టుకున్న ఇంట ‘పూర్ణమ్మ’ చదవకండి.

గుండెదడ, ఆయాసం, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం ఉంటే ముందు డాక్టరు, పద్యం తర్వాత.

మీ జిల్లా పేజీలో ఆదివారం ఆదివారం ఇలాంటి పద్యం ఒకటి వెయ్యండి. రాశిఫలాల పక్కన ఇరికించకుండా, పెద్ద అక్షరాల్లో, ఆగవలసిన చోట గీత పెట్టి వేస్తే, ఆరో తరగతి మనవరాలైనా తడుముకోకుండా తాతకి చదివి వినిపిస్తుంది.

– కొందరు తెలుగు మాస్టార్లు, విజయనగరం