జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి ఒక అమ్మమ్మ బహిరంగ లేఖ

అయ్యా,

మా మనవరాలు పుట్టిన గంటకే నీలంగా మారింది. ఏడిస్తే ఎర్రబడేది, రొమ్ము పట్టగానే పెదవులు నల్లబడేవి. "ఉమ్మనీరు మింగిందమ్మా, సర్దుకుంటుంది" అన్నారు నర్సమ్మ. ఏడుపే దానికి ఊపిరని తెలియక జోకొట్టి పడుకోబెట్టాం!

మర్నాడు పెద్దాసుపత్రిలో తేల్చారు. ముక్కు వెనక రెండువైపులా ఎముక అడ్డుపడిందట. కోయనల్ అట్రేషియా అంటారట. పసికందులు దాదాపు ముక్కుతోనే ఊపిరి తీస్తారు, నోరు తెరిచేది ఏడ్చినప్పుడే. ఇది 5,000 నుంచి 8,000 మందిలో ఒకరికి వస్తుందన్నారు. అరుదే, కాదనను. కానీ అనుమానించడానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు కదా. కఫం లాగే సన్నని గొట్టం, 6 నంబరు సక్షన్ ట్యూబు, ఒక్కో ముక్కుపుటంలోంచి గొంతులోకి దిగుతోందో లేదో చూస్తే సరి. ఖాయం చేయడానికి తర్వాత సీటీ స్కాన్. ఈలోగా నోట్లో చిన్న ఎయిర్‌వే, అంటే ఊపిరి దారి తెరిచి ఉంచే గొట్టం, పెడితే ఆపరేషన్ దాకా బిడ్డ నిలుస్తుంది. మా పిల్ల అలాగే నిలిచింది.

నీలంగా మారిన ప్రతి బిడ్డకూ కాన్పు గదిలోనే ఈ పరీక్ష చేయాలని ఆదేశమివ్వండి. అంబులెన్సులూ ఒకసారి తనిఖీ చేయించండి. మమ్మల్ని తీసుకెళ్లిన బండిలో ఎయిర్‌వేలు ఉన్నాయి, అన్నీ పెద్దవాళ్లవే.

ఇట్లు,
ఒక అమ్మమ్మ