బొగ్గు కోసం తీసిన రాళ్లు భూకంపాలవాళ్లకూ చూపించండి

ఎడిటర్ గారికి,

2024 డిసెంబరు 4 పొద్దున ఏడున్నర కావస్తుండగా ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలితే, గోదావరికి ఇవతల సిరొంచలో మేమూ వాకిట్లోకి ఉరికాం. అప్పటి నుంచి నలుగురు కూడితే అదే టెన్షన్, మళ్లీ వస్తుందా అని. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, కానీ ఇంతకుముందు ఎటు కదిలింది, ఒక్కసారేనా చాలాసార్లా అన్నది రాయిని అడగొచ్చు.

అందుకు భూమి లోపలి రాయి చెడకుండా పైకి రావాలి. నీళ్ల బోరులో రాయి పిండై ఎగిరిపోతుంది. కోర్ డ్రిల్లింగ్‌లో అలా కాదు, బోలుగా ఉండే వజ్రపు బిట్‌తో కోస్తారు కాబట్టి రాయి రోకలిబండలా గుండ్రంగా పైకొస్తుంది, దాన్నే కోర్ అంటారు. ఫాల్ట్, అంటే నేల లోపల రాయి విరిగి జారిన చోటు, తగిలితే అది నలిగి బంకమట్టిలా ఉంటుంది, పక్కన విరిగిన ముక్కలు మళ్లీ అతుక్కుని కనిపిస్తాయి, జారిన ముఖం నునుపుదేలి దాని మీద గీతలుంటాయి, ఆ గీతలే ఎటు జారిందో చెబుతాయి. పగుళ్లలో కాల్సైట్ అనే ఖనిజం తెల్లటి చారలుగా పేరుకుంటుంది. ఒక చారను ఇంకో పగులు కోసేసిందంటే చార ముందుది, పగులు తర్వాతది. అడుగుజాడ మీద బండి చక్రం గుర్తు పడితే బండి తర్వాత వెళ్లినట్టే కదా!

మా మహారాష్ట్రలోనే, 1967లో భూకంపం వచ్చిన కొయ్నాలో, కోర్లు తీశారు, ఆ తర్వాత 3 కిలోమీటర్ల లోతు పైలట్ (ముందస్తు పరీక్ష) బోరు కూడా వేశారు. 1993 భూకంపం తర్వాత కిల్లారిలోనూ బోరు వేశారు. మరి మా వైపు? ప్రాణహిత-గోదావరి లోయే ఫాల్టుల మధ్య కుంగిన నేల, 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో కదిలింది కూడా. (మా తాలూకాలోని కోట అనే ఊరి పేరున్న రాతిపొరల్లో డైనోసార్ ఎముకలు మాత్రం ఎప్పుడో వెతికారు లెండి.)

ములుగు భూకంపం 40 కిలోమీటర్ల లోతున పుట్టిందన్నారు, అంత కిందికి ఏ బోరూ పోదు, ఒప్పుకుంటాను. కానీ ఈ లోయలో పైపైన ఉన్న ఫాల్టులకు కొత్తగా కోట్లు పోయక్కర్లేదు, ముందు బొగ్గు కోసం దశాబ్దాలుగా వేసిన బోర్ల కోర్లు చూస్తే చాలు. బొగ్గు వెతికేవాళ్ల చూపు ముఖ్యంగా బొగ్గు మీదే, మాకు కావాల్సింది ఆ నలిగిన ముక్క. ఆ కోర్ పెట్టెలు ఇంకా ఉన్నాయా, ఉంటే ఎక్కడ, భూకంపాల శాస్త్రవేత్తలను తాకనిస్తారా? మీ విలేకరి ఎవరైనా ఒకసారి వెళ్లి అడిగి రాస్తే బాగుంటుంది.

— ఒక పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా