మొహం చదవడం ఆడవాళ్లకే వచ్చా?

అందరికీ నమస్కారం. నిన్న బీచ్ రోడ్డు నడకలో "మొహం చూసి మనసు కనిపెట్టడం మగాళ్లకి రాదు, వాళ్ల మెదడే వేరు" అన్న మాట వచ్చింది కదా. రాత్రంతా అదే ఆలోచన.

ఆడవాళ్లకి కాస్త మొగ్గు ఉన్న మాట నిజమే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జూడిత్ హాల్ 1978లోనే 75 అధ్యయనాలు కలిపి చూసి ఆ మాట చెప్పారు. కానీ తేడా చిన్నది. ఆడవాళ్లలోనే ఒకరికీ ఇంకొకరికీ ఉండే తేడా అంతకంటే చాలా ఎక్కువ. ఎదుటివాళ్ల కళ్లలో భయం పసిగట్టడానికి సాయపడే అమిగ్డలా అనే మెదడు భాగం ఆడా మగా అందరికీ ఉంది. మెదడు స్కానుల్లో కనిపించే ఆడ, మగ తేడాలేమో ఒక పరిశోధనకీ మరోదానికీ పొంతన కుదరవు. పుట్టుకతో వచ్చిందెంత, పెంపకం నేర్పిందెంత అన్నది స్కాను చూసి విడదీయలేం కూడా.

మొన్న ఎంవీపీ కాలనీ రైతు బజార్లో వంకాయలు తూస్తున్న తాత చెయ్యి ఆపి, "ఏటమ్మా, అలాగున్నావేటి?" అన్నాడు. ఆ పూట మా తమ్ముడికి ఆపరేషను. నేనెవరికీ చెప్పలేదు. ఊరికే నవ్వుతూనే ఉన్నాను.

దయచేసి మగపిల్లల్ని "నీకు తెలీదులే" అని పక్కకు పంపకండి. నానమ్మ మొహం చూస్తే ఏమనిపించిందో వాళ్లనీ అడగండి.