బతికున్న కొరమీనును ఇంటికి తేవద్దు

సంపాదకుడికి,

మృగశిర కార్తె రాగానే మీ పత్రికలో చేపల మార్కెట్ల ఫోటోలు, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం కోసం నిలబడ్డ జనం కనిపిస్తారు. అమెరికాలోని వర్జీనియాలో ఉండే మాకు ఆ రోజు ఇంటి మీద బెంగ ఎక్కువవుతుంది. అందుకే జూన్‌లో వీకెండ్ వస్తే చాలామంది తెలుగువాళ్లు గాలాలు పట్టుకుని పొటోమాక్ నది ఒడ్డుకు వెళ్తున్నారు. ఆ నదిలో కొరమీను ఉందని ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. పట్టిన తర్వాత దాన్ని ఏం చేయాలన్నది మాత్రం చాలామందికి తెలియదు. పోయిన ఏడాది వరకు నాకూ తెలియదు. ఆ సంగతి చెప్పడానికే ఈ లేఖ.

మాది కరీంనగర్ వైపు పల్లె. పోయిన జూన్‌లో మా నాన్న మమ్మల్ని చూడటానికి వచ్చారు. ఒక శనివారం నదికి వెళ్లాం. నాన్న గాలానికి మోచేతంత కొరమీను పడింది. ఆయన సంతోషం చూడాల్సిందే. వెంటనే బకెట్‌లో నీళ్లు పోసి చేపను అందులో వేసి, పైన తడి గుడ్డ కప్పారు. మన దగ్గర అందరూ చేసేది అదే కదా. మార్కెట్లో కొరమీనును టబ్బులో ఈదుతుంటేనే కొంటాం. కట్టెతో తల మీద కొట్టి, బూడిదో ఉప్పో పెట్టి బండకు రుద్ది, జిగురు పోయాక ముక్కలు కొట్టి ఇస్తారు. ప్రాణం లేనిదైతే బేరమే ఆడం.

కారు దగ్గరికి వెళ్తుండగా ఒక అధికారి ఆపి బకెట్ చూశాడు. ముందు చేపలు పట్టే లైసెన్సు అడిగాడు. నాకు ఉంది, నాన్నకు లేదు. చూడటానికి వచ్చిన పెద్దాయనకు కూడా లైసెన్సు కావాలని నేను అసలు ఆలోచించనే లేదు. పదహారేళ్లు నిండిన ఎవరైనా గాలం పట్టుకుంటే లైసెన్సు ఉండాలి, విజిట్‌కు వచ్చినవాళ్లయితే నాన్ రెసిడెంట్ లైసెన్సు. తర్వాత చేప గురించి చెప్పాడు. కొరమీనును బతికుండగా తీసుకెళ్లడం నేరం, ఉంచుకోవాలంటే పట్టిన చోటే చంపాలి అన్నాడు. జరిమానా వేయకుండా హెచ్చరించి వదిలేశాడు. నాన్న దారంతా ఒకటే మాట. "సచ్చిన కొరమీను ఎవరు తింటరు బిడ్డా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటే అసలు కథ తెలిసింది. 2002లో పక్క రాష్ట్రం మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊళ్లో ఒక చిన్న చెరువులో కొరమీనులు బయటపడ్డాయి. ఒకాయన జబ్బుతో ఉన్న చెల్లెలికి సూప్ చేసి పెడదామని న్యూయార్క్ మార్కెట్‌లో బతికున్న చేపలు రెండు కొన్నాడట. అవి వచ్చేసరికి ఆమెకు నయమైంది. కొన్నాళ్లు ఇంట్లో పెంచి చివరికి చెరువులో వదిలేశాడు. అధికారులు చెరువులో మందు కలిపి అన్నింటినీ చంపినప్పుడు వెయ్యికి పైగా పిల్లలు తేలాయి. అదే ఏడాది అక్టోబరులో అమెరికా ప్రభుత్వం ఈ జాతి చేపలన్నింటినీ హానికరమైన జాబితాలో చేర్చి బతికున్నవాటి దిగుమతిని నిషేధించింది. అయినా 2004లో అవి పొటోమాక్‌లో కనిపించాయి, ఇప్పుడు చుట్టుపక్కల చాలా నదుల్లో ఉన్నాయి.

ఇక్కడ దొరికేది మన కొరమీను కాదు, దానికి దగ్గరి చుట్టం. చైనా, కొరియా వైపుది. గుణాలన్నీ ఒకటే. గాలి పీల్చుకుంటుంది, తడి ఉంటే నీళ్ల బయట కూడా చాలాసేపు బతుకుతుంది, తల్లీ తండ్రీ కలిసి పిల్లలను కాస్తాయి. తెలంగాణ రాష్ట్ర చేపగా 2016లో మనం గౌరవించుకున్నది ఆ గట్టి ప్రాణాన్నే. ఆ గుణం వల్లే ఇక్కడి నదుల్లో దానికి అదుపు లేకుండా పోయింది. దీన్ని తినమని ప్రభుత్వమే ప్రోత్సహిస్తోంది. మేరీలాండ్ 2024లో చట్టం చేసి మరీ దీనికి 'చెసపీక్ చన్నా' అని కొత్త పేరు పెట్టింది. ఇన్నే పట్టాలి, ఇంత సైజువే పట్టాలి అనే పరిమితి మేరీలాండ్‌లోనూ లేదు, వర్జీనియాలోనూ లేదు. కడుపునిండా తినొచ్చు. ప్రాణంతో మాత్రం కదలనివ్వకూడదు.

ఐస్ పెట్టెలో పడేస్తే చచ్చిపోతుందిలే అనుకోకండి, గాలి పీల్చే చేప అంత తేలిగ్గా చావదు. ఒడ్డునే తల తీయాలి, లేదా మొప్పలు కోయాలి, లేదా పొట్ట కోసి పేగులు తీసేయాలి. తర్వాత ఐస్‌లో పెడితే రుచి ఏమీ తగ్గదు. మేం ఆ తర్వాత పట్టిన చేపను అలాగే తెచ్చి పులుసు పెట్టాం. నాన్న రెండుసార్లు వడ్డించుకున్నారు.

చంపే ముందు అది కొరమీనో కాదో చూసుకోవాలి. బోఫిన్ అనే ఇక్కడి చేప అచ్చం అలాగే ఉంటుంది, దాన్ని కొరమీను అనుకుని చంపకూడదు. పొట్ట కింద వెనక రెక్క తోక దాకా పొడుగ్గా ఉంటే కొరమీను, పొట్టిగా ఉంటే బోఫిన్.

కొరమీను విషయంలో తప్పనిసరి అయిన పనే వేరే చేపల విషయంలో తప్పవుతుంది. ఇదే అందరినీ తికమకపెడుతోంది. సముద్రం, అఖాతాల దగ్గర దొరికే స్ట్రైప్డ్ బాస్ అనే చేపకు సైజు పరిమితి ఉంది. మేరీలాండ్ వైపు చెసపీక్ అఖాతంలో 2024లో పెట్టిన నియమం ప్రకారం రోజుకు ఒక్కటే, అది కూడా 19 నుంచి 24 అంగుళాల మధ్య ఉండాలి. పడవ మీదో ఫిషింగ్ పియర్ మీదో తల, తోక తీసి ముక్కలు కొట్టేస్తే కొలిచేదెలా, ఏ చేపో చెప్పేదెలా? అందుకే ఒడ్డుకు చేరేదాకా సైజు పరిమితి ఉన్న చేపను కోయకూడదు. ఈ నియమాలు ఏటా మారుతుంటాయి. బయల్దేరే రోజు పొద్దున ఆ రాష్ట్రం వెబ్‌సైట్ చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

శుభ్రం చేయడం గురించి కూడా ఒక మాట. మనం చేప చర్మం తీయం, కొవ్వు పారేయం, తలకాయతో పులుసు పెడతాం. కానీ ఇక్కడి నదుల్లో పాత ఫ్యాక్టరీల నుంచి చేరిన పీసీబీలు అనే రసాయనాలు చేపల కొవ్వులో పేరుకుంటాయి. పెద్ద చేపల్లో, ముసలి చేపల్లో ఇంకా ఎక్కువ. అందుకే చర్మం, పొట్ట కింది కొవ్వు, లోపలి భాగాలు తీసేసి తినమని ఆరోగ్య శాఖలు చెబుతున్నాయి. పాదరసం మాత్రం కండలోనే ఉంటుంది, ఎంత కడిగినా పోదు. కాబట్టి ఏ నదిలో ఏ చేపను నెలకు ఎన్నిసార్లు తినొచ్చో వాళ్లు ఇచ్చే పట్టిక చూసుకోవాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు పెట్టే ముందు ఇది తప్పకుండా చూడాలి.

అన్నిటికంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిన విషయం వేరే ఉంది. ఈమధ్య మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకరు, రెండు మూడు బతికున్న కొరమీనులు తెచ్చి ఇళ్ల వెనక ఉన్న చెరువులో వేద్దాం, మృగశిరకు అక్కడే పట్టుకోవచ్చు అని రాశారు. పదిమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. క్రాఫ్టన్‌లో చేపలు వదిలినాయనకు కూడా లేదు. నేను ఆ చెరువు కథంతా రాసి పెట్టాక వాళ్లే ఆ ఆలోచన మానుకున్నారు. మా గ్రూపులో నేను ఉన్నాను కాబట్టి సరిపోయింది, మిగతా కాలనీల్లో ఎవరు చెప్తారు?

మీ పత్రికను ఇక్కడి తెలుగు కుటుంబాలు రోజూ ఫోన్లో చదువుతాయి. వచ్చే మృగశిరకు వారం ముందు ఈ నియమాలను తెలుగులో, బోఫిన్‌కూ కొరమీనుకూ తేడా చూపించే బొమ్మతో సహా, మీ ప్రవాస పేజీలో వేయమని కోరుతున్నాను. తెలుగు సంఘాలు పిక్నిక్‌లకు పంపే ఆహ్వానాల్లో కూడా వీటిని చేర్చాలి. మా నాన్న ఈ ఏడాది మళ్లీ వస్తున్నారు. ఆయన లైసెన్సు ఇప్పటికే తీసి పెట్టాను.

— ఒక పాఠకుడు,
లౌడన్ కౌంటీ, వర్జీనియా